స్విఫ్ట్ కరెంట్ వంటి చిన్న నగరం జూనియర్ ఐస్ హాకీ జట్టును ఎలా నిలబెట్టుకుంది?

కెనడాలోని సస్కాచెవాన్ రాష్ట్రంలో ఉన్న స్విఫ్ట్ కరెంట్ జనాభా 20 వేలకు లోపే. అక్కడి బ్రాంకోస్ అనే జూనియర్ (సుమారు 16-20 ఏళ్ల ఆటగాళ్ల) ఐస్ హాకీ జట్టు 1967లో మొదలై, 1974లో పొరుగు రాష్ట్రమైన ఆల్బర్టాలోని లెత్‌బ్రిడ్జ్‌కు తరలిపోయి, 1986లో తిరిగి సొంత ఊరికి చేరింది. ఈసారి జట్టుకు యజమాని ఏ ధనవంతుడో కాదు, ఆ ఊరి ప్రజలే. నా దృష్టిలో అది నిలబడటానికి ముఖ్య కారణం ఇదే.

తిరిగివచ్చిన తొలి సీజన్‌లోనే, 1986 డిసెంబర్ 30న, రెజైనాలో ఆటకు బయలుదేరిన జట్టు బస్సు మంచు పేరుకున్న రహదారిపై అదుపుతప్పి బోల్తా పడటంతో ట్రెంట్ క్రెస్సీ, స్కాట్ క్రూగర్, క్రిస్ మాంటికా, బ్రెంట్ రఫ్ అనే నలుగురు ఆటగాళ్లు మరణించారు. అయినా జట్టు ఆ సీజన్‌ను పూర్తిచేసింది. ఆ ప్రమాదంలో బతికి బయటపడిన జో సాకిక్ తరువాత ఉత్తర అమెరికాలోని అగ్రశ్రేణి వృత్తి ఐస్ హాకీ లీగ్ అయిన ఎన్‌హెచ్‌ఎల్‌లో మేటి ఆటగాళ్లలో ఒకడయ్యాడు. బ్రాంకోస్ ఆడే వెస్టర్న్ హాకీ లీగ్ ఏటా ఉత్తమ ఆటగాడికిచ్చే బహుమతికి నేడు ఆ నలుగురి స్మారకంగానే పేరుంది.

1989లో లీగ్ ప్లేఆఫ్‌లలో ఒక్క ఆటా ఓడకుండా గెలిచిన ఈ జట్టు, కెనడా జూనియర్ హాకీలో అత్యున్నత పోటీ అయిన మెమోరియల్ కప్ ఫైనల్‌లో ఆతిథ్య జట్టు సస్కటూన్ బ్లేడ్స్‌ను అదనపు సమయంలో టిమ్ టిస్‌డేల్ కొట్టిన గోల్‌తో 4-3 తేడాతో ఓడించింది. అయితే అప్పటి కోచ్ గ్రాహం జేమ్స్ తన ఆటగాళ్లను లైంగికంగా వేధించినట్లు 1997లో కోర్టులో రుజువై శిక్ష పడింది. ఆ వేధింపులకు గురైన ఆటగాడు షెల్డన్ కెనడీ ఆ విషయాన్ని ధైర్యంగా బయటపెట్టాడు. కనుక ఆ విజయాన్ని ఈ సంగతి విడిచి చెప్పడం సరికాదు. 1989 తరువాత 1993లోనూ 2018లోనూ బ్రాంకోస్ లీగ్ టైటిల్ గెలిచింది.