పంచాయతీ తీర్మానంతో హెంప్ సాగు చేయొచ్చా?

అడిగిన ప్రశ్న ఇది: "పత్తికొండ దగ్గర నాలుగెకరాల ఎర్రనేల ఉంది. పారిశ్రామిక హెంప్ వేద్దామనుకుంటున్నాం. పంచాయతీ తీర్మానం ఉంటే అనుమతి వస్తుందని, సబ్సిడీ కూడా ఉందని ఒకాయన చెప్పాడు. నిజమేనా?"

హెంప్ అంటే నార కోసమో, గింజ కోసమో పెంచే గంజాయి జాతి మొక్కే. తీర్మానం పేరుతో మీ సర్పంచును ఇరికించకండి. మత్తుమందులను అదుపు చేసే కేంద్ర చట్టం ఎన్‌డీపీఎస్‌లో సర్పంచు ప్రస్తావన ఉంది, కానీ అనుమతి ఇచ్చేవాడిగా కాదు. 47వ సెక్షన్ చదవండి. ఊళ్లో అక్రమంగా గంజాయి మొక్క సాగవుతోందని తెలిస్తే వెంటనే పోలీసులకో, అధికారులకో చెప్పాల్సిన బాధ్యత సర్పంచుది, వార్డు సభ్యుడిది, గ్రామాధికారులది. చెప్పకపోతే శిక్ష వాళ్లకే. పొలం యజమానికి ఇదే బాధ్యత 46వ సెక్షన్‌లో ఉంది. కాబట్టి కౌలు భూమిలో వేసి "నాకేం తెలీదు, కౌలుదారు వేశాడు" అనడానికి కూడా వీల్లేదు. మన వైపు సగం కౌళ్లకు కాగితమే ఉండదు, అది ఇంకో తలనొప్పి.

అనుమతి ఇవ్వగలిగేది ప్రభుత్వం మాత్రమే. 8వ సెక్షన్ సాగును నిషేధిస్తుంది. 10వ సెక్షన్ సాగును అనుమతించి నియంత్రించే అధికారం రాష్ట్రానికి ఇస్తుంది. నార కోసమో, విత్తనం కోసమో మాత్రమే వేసే సాగుకు ఉత్తర్వు ఇవ్వొచ్చని 14వ సెక్షన్ చెబుతుంది. 2018లో ఉత్తరాఖండ్ దేశంలో మొట్టమొదటి లైసెన్సు ఇచ్చింది ఈ దారిలోనే. మన రాష్ట్రంలో రైతులకు అలాంటి లైసెన్సులు ఇవ్వడం లేదు. అవి లేకుండా విత్తితే 20వ సెక్షన్ కింద పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. మొక్క హెంపా, గంజాయా అని పోలీసు కంటితో చూసి చెప్పలేడు, ఎందుకంటే రెండూ ఒకే జాతి.

ఇక్కడే అందరూ బోల్తా పడేది. గంజాయిలో మత్తెక్కించే పదార్థం పేరు టీహెచ్‌సీ. "0.3 శాతం లోపు టీహెచ్‌సీ ఉంటే అది గంజాయి కాదు" అని వీడియోల్లో ఊదరగొడతారు. కేంద్ర చట్టంలో ఆ అంకె ఎక్కడా లేదు. పూతకొనలు, కాయకొనలు అంటేనే గంజాయి అని నిర్వచనం. మత్తు ఎంతన్నది అందులో లేనే లేదు. 0.3 అనేది లైసెన్సు ఇచ్చే రాష్ట్రం పెట్టుకునే షరతు. లైసెన్సు లేనివాడికి 0.1 వచ్చినా ఒరిగేదేమీ లేదు.

సరే, రేపు మన రాష్ట్రమూ జీవో ఇచ్చిందనుకుందాం. మీ ఎర్రనేలలో ఒక ఎకరా ఏమవుతుందో చూద్దాం. నారకైతే ఎకరాకు 20 నుంచి 25 కిలోల విత్తనం, గింజకైతే 10 నుంచి 12 కిలోలు. విత్తే లోతు రెండు మూడు సెంటీమీటర్లు దాటకూడదు. విత్తిన మర్నాడు వాన పడి ఆ తర్వాత ఎండ కాస్తే ఎర్రనేల పైన గట్టి పొర కడుతుంది, సన్నటి మొలక దాన్ని చీల్చుకుని రాలేదు, మొలకలు సగానికి సగం పోతాయి. నల్లరేగడిలో ఆ బాధ తక్కువ, కానీ రెండు రోజులు నీళ్లు నిలిస్తే వేరు ఊపిరాడక పసుపెక్కి కూర్చుంటుంది.

అసలు దెబ్బ వేరే. ఈ మొక్క పగటి పొడవు తగ్గితే పూతకొస్తుంది. ఫ్రాన్స్‌లో జూన్ 21న పగలు 16 గంటలు. కర్నూల్లో ఏడాదిలోకెల్లా పొడవైన పగలు 13 గంటలు. ఫ్యూచురా 75, ఫెడోరా 17 లాంటి ఫ్రెంచి రకాల సంచి తెచ్చి ఇక్కడ విత్తితే మొలిచిన రోజు నుంచే వాటికి శరత్కాలం వచ్చేసినట్టు లెక్క. నడుమెత్తు ఎదగకుండానే పూత. నారకు కావాల్సిన రెండు మూడు మీటర్ల కర్ర ఎక్కడి నుంచి వస్తుంది? పొడుగ్గా పెరిగే థాయ్ కొండల రకాలు ఉన్నాయి, కానీ అక్కడ వాటికి పెట్టిన టీహెచ్‌సీ హద్దు 1 శాతం. హిమాలయ నాటు రకాల్లోనూ చాలావాటికి 0.3 దాటుతుంది. మన పగటికి సరిపోయి 0.3 దాటని రకాన్ని ముందు పరిశోధనా కేంద్రంలో నిలబెట్టాలి, ఆ తర్వాతే రైతు పొలం. హిమాచల్ ఈ విషయంలో తెలివిగా పోయింది. 2025 జనవరిలో పాలంపూర్, నౌనీ విశ్వవిద్యాలయాలకు ప్రయోగ సాగు అప్పగించింది. మనవాళ్లు అడగాల్సింది కూడా నంద్యాల, రేకులకుంట కేంద్రాల్లో రెండు మూడు ఖరీఫ్‌ల ప్రయోగమే. సబ్సిడీ కాదు.

ఇక, లైసెన్సున్న పంటలో టీహెచ్‌సీ 0.3 దాటిందా అని పరీక్షకు శాంపిల్ తీసే రోజు. ఐరోపా పద్ధతిలో పొలం అంచులు వదిలేసి, అడ్డంగా నడుస్తూ 50 మొక్కల పైకొనలు, ఒక్కోటి 30 సెంటీమీటర్లు కోస్తారు. వాటిని ప్లాస్టిక్ కవర్లో కుక్కితే రెండు రోజుల్లో బూజు పడుతుంది, కాగితపు సంచి కావాలి. ఆరబెట్టి, పొడిబరువు మీద పరీక్ష. రిపోర్టులో టీహెచ్‌సీ 0.05 అని ఉంటే రైతు ఊపిరి పీల్చుకుంటాడు. కింద వరసలో టీహెచ్‌సీఏ 0.30 అని ఉంటుంది, దాన్ని చూడడు. అది వేడి తగిలితే కార్బన్ డయాక్సైడు వదిలేసి టీహెచ్‌సీగా మారే ఆమ్లం. అందుకే దాన్ని 0.877తో గుణించి కలుపుతారు. 0.30 గుణించు 0.877 అంటే 0.263. దానికి 0.05 కలిపితే 0.313. పంట పోయింది! టీహెచ్‌సీఏ 0.28 ఉండుంటే మొత్తం 0.296 అయ్యేది, పంట నిలిచేది. నూటికి రెండు పైసల తేడా. పైగా పూత ముదిరేకొద్దీ ఆ అంకె పెరుగుతుంది. ఈలోగా ల్యాబ్ రిపోర్టు పది రోజులు ఆలస్యమైతే పొలంలో నిలబడ్డ పంట కాగితం మీది అంకెను దాటిపోతుంది. తప్పిందంటే అధికారుల ముందు తగలబెట్టడమే.

తగలబెట్టాక పరిహారం ఎవరిస్తారు? ఎవరూ ఇవ్వరు. ఫసల్ బీమా నోటిఫై చేసిన పంటలకే. బ్యాంకు పంట రుణం జిల్లా సాంకేతిక కమిటీ ఖరారు చేసే స్కేల్ ఆఫ్ ఫైనాన్స్, అంటే ఏ పంటకు ఎకరాకు ఎంత అప్పన్న జాబితా, మీద నడుస్తుంది, ఆ జాబితాలో లేని పంటకు మేనేజరు ఎకరాకు ఇంతని రాయలేడు. మద్దతు ధర ప్రకటించే పంటల్లోనూ హెంప్ లేదు. పంచాయతీ నిధులతో సాయం చేయమని అడిగేవాళ్లూ ఉన్నారు. 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుధ్యానికే కట్టేసి ఇచ్చారు. మిగతాది ఊరి పనులకు, ఒకరి సొంత పొలానికి కాదు.

మరి సబ్సిడీ అన్న మాట ఎక్కడ పుట్టింది? మాటల తికమకలో. ఇంగ్లీషులో జనుమును సన్ హెంప్ అంటారు, గోగును దక్కన్ హెంప్ అంటారు. రెండిటికీ గంజాయి మొక్కతో చుట్టరికమే లేదు. ఒకటి చిక్కుడు కుటుంబం, ఇంకోటి మన గోంగూర. రైతు సేవా కేంద్రంలో పచ్చిరొట్ట కోసం జీలుగ, జనుము, పిల్లిపెసర విత్తనాలు 50 శాతం సబ్సిడీకి ఇస్తుంటారు. ఆ జాబితాలో 'హెంప్' అన్న ముక్క చూసి ఎవరో మీకు ఊదినట్టున్నారు. జనుము కావాలంటే నిక్షేపంగా తెచ్చుకోండి. ఎకరాకు 15 కిలోలు చల్లి, 45 రోజులకు పూత దశలో కలియదున్నితే మీ ఎర్రనేలకు అదే మేలు.

పంచాయతీకి పని లేదని కాదు, అది తర్వాత వస్తుంది. నార తీసే షెడ్డుకు ప్లాను, లైసెన్సు అక్కడే. నార విడిరావాలంటే కర్రను ఊరబెట్టాలి, దానికి నీళ్లు కావాలి. మంచు పడే చోట పొలంలోనే పరిచి ఊరనిస్తారు, మన దగ్గర కోత తర్వాత గాలి పొడి, అలా ఊరదు. చెరువులో రెండు వారాలు ముంచాలంటే నీటిలో ప్రాణవాయువు పడిపోయి చేపలు తేలతాయి, చెరువు వేలం పాడుకున్నవాడు ఊరుకుంటాడా? అదీగాక కర్ర బరువులో నార పాతిక ముప్పై శాతమే, మిగతాదంతా బెండు. నార తీసే మిషను దగ్గర్లో లేకపోతే లారీ కిరాయిలోనే లాభం పోతుంది.

గింజ మీద ఆశ ఉంటే సాగు చేయకుండానే దారి ఉంది. కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2021 నవంబరులో హెంప్ గింజను, గింజ నూనెను, పిండిని ఆహారంగా గుర్తించింది. టీహెచ్‌సీ హద్దు గింజలో కిలోకు 5 మిల్లీగ్రాములు, నూనెలో 10. లైసెన్సున్న ఉత్తరాది రైతు దగ్గర బిల్లుతో కొని నూనె తీసి అమ్మొచ్చు. చిన్న ఆహార యూనిట్లకు పీఎంఎఫ్ఎంఈ అనే కేంద్ర పథకం కింద 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షల సబ్సిడీ పెట్టారు, ఇప్పుడూ ఇస్తున్నారో లేదో కనుక్కోండి. ప్రతి లాటుకూ పరీక్ష రిపోర్టు దగ్గర ఉంచుకోవాలి.

చివరగా ఆ 'ఒకాయన'. కిలోకు ఇంతని విత్తనం డిపాజిట్ కట్టించుకుని పంట తిరిగి కొంటానంటున్నాడా? ఈము పక్షులప్పుడూ ఇదే లెక్క చెప్పారు. జీవో నంబరు అడగండి. చెప్పలేకపోతే మీరే ఎక్సైజ్ శాఖకు సమాచార హక్కు అర్జీ పెట్టండి: "ఎన్‌డీపీఎస్ చట్టం 10, 14 సెక్షన్ల కింద పారిశ్రామిక హెంప్ సాగుకు జారీ చేసిన ఉత్తర్వులు, షరతులు, దరఖాస్తు నమూనా ప్రతులు ఇవ్వగలరు." 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఈ ఖరీఫ్‌కు మాత్రం వేరుశనగో, కందో వేసుకోండి.