టెక్ సందేహాలు: ఫ్యాన్ తిరిగితే ఎస్‌ఎంపీఎస్ బాగున్నట్టేనా?

ప్రశ్న: సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్ నుంచి, కంప్యూటర్‌కు కరెంటు అందించే 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ తెప్పించుకున్నా. మదర్‌బోర్డుకు తగిలించే ముందు విడిగా చూసుకుందామని ఉంది. 'పచ్చ వైరుకూ నల్ల వైరుకూ జెమ్ క్లిప్పు పెట్టు, ఫ్యాన్ తిరిగితే మంచిదే' అన్నాడు షాపాయన. నా దాంట్లో వైర్లన్నీ నల్లవే. పచ్చది ఏదనుకోవాలి?
– దేవరకొండ పాఠకుడు

షాపాయన చెప్పినదాంట్లో సగమే నిజం. క్లిప్పు పెడితే ఎస్‌ఎంపీఎస్ లేస్తుందో లేదో తెలుస్తుంది. లేచింది లోడు మోస్తుందా అన్నది దాంతో తేలదు.

ముందు పిన్ను సంగతి. 24 పిన్నుల పెద్ద కనెక్టర్‌కు ఒక పక్క కొక్కెం ఉంటుంది. ఆ కొక్కెం వైపు వరుసలో 12 గదులుంటే, ఒకటి ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీకి ఒక పక్క 4 పిన్నులు, రెండో పక్క 7 ఉంటాయి. ఏడున్న వైపుకు ఖాళీ పక్క నుంచే లెక్కపెట్టండి. నాలుగోది ఆన్ పిన్ను, అంటే రంగులుంటే పచ్చ వైరు వచ్చే చోటు. దానికి ఇరువైపులా ఉన్న రెండూ గ్రౌండే. కుడి నుంచా, ఎడమ నుంచా అన్న తికమక ఇందులో లేదు. మరీ పాత ఎస్‌ఎంపీఎస్‌లలో మాత్రం ఖాళీ ఉండాల్సిన చోట తెల్ల వైరు ఉంటుంది.

క్లిప్పు పెట్టక ముందే మల్టీమీటరు తీయండి. డీసీ 20 వోల్టుల రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబు ఏ రంధ్రంలో ఉందో ఒకసారి చూసుకోండి. ఎప్పుడో కరెంటు కొలిచి 10 ఆంపియర్ల రంధ్రంలోనే వదిలేసి ఉంటే, మీరు వోల్టేజి కొలవడం లేదు, నేరుగా షార్ట్ చేస్తున్నారు. ప్లగ్గు పెట్టి వెనక స్విచ్చి గీత గుర్తు వైపు నొక్కండి. నల్ల ప్రోబు గ్రౌండు పిన్నులో పెట్టి, ఎర్రదాన్ని ఆన్ పిన్నుకు తాకిస్తే 3 నుంచి 5 వోల్టుల మధ్య రావాలి. సున్నా వస్తే లెక్క తప్పారు, లేదా స్టాండ్‌బై (ఎస్‌ఎంపీఎస్ ఆన్ కాకముందే ఉండే 5 వోల్టుల) సరఫరానే లేదు. ఏదో తేల్చుకోవడానికి ఊదా రంగు స్టాండ్‌బై వైరు చూడండి. రంగు లేకపోతే ఖాళీ గదికి సరిగ్గా ఎదురుగా, అవతలి వరుసలో ఉన్నది పవర్ గుడ్ పిన్ను (వోల్టేజిలు సరిగా ఉన్నాయని మదర్‌బోర్డుకు చెప్పేది). దాని పక్కనే, నాలుగు పిన్నులున్న వైపు ఉన్నది స్టాండ్‌బై. అక్కడ 4.75 నుంచి 5.25 వోల్టులు ఉండాలి. ఇదే లేకపోతే మిగతా పరీక్షలు అనవసరం, తిరిగి పంపేయండి.

ఇప్పుడు వెనక స్విచ్చి ఆపి క్లిప్పు పెట్టండి. ఆన్ పిన్నుకూ పక్క గ్రౌండుకూ తప్ప మరో గదిలోకి కొస పోకూడదు. స్విచ్చి వేయగానే కొలవాల్సినవి: పసుపు (12 వోల్టులది) 11.40–12.60, ఎరుపు (5 వోల్టులది) 4.75–5.25, నారింజ (3.3 వోల్టులది) 3.14–3.47. నీలం మీద మైనస్ 10.8 నుంచి మైనస్ 13.2 వరకు పర్వాలేదు. పవర్ గుడ్ పిన్ను మీద 5 వోల్టుల దగ్గర నిలవాలి. మిగతా వోల్టేజిలు బాగుండి ఇది సున్నా అయితే మదర్‌బోర్డు లేవదు. 'ఫ్యాన్ తిరుగుతోంది, డిస్‌ప్లే రావడం లేదు' అన్న ఫిర్యాదుల్లో కొన్నింటి మూలం ఇదే.

లోడు పరీక్షకు ఖరీదైన పరికరం అక్కర్లేదు. బండి హెడ్‌లైటు బల్బు, 12 వోల్టులు 35 వాట్లది, మెకానిక్ షాపులో దొరుకుతుంది. స్విచ్చి ఆపి, పాత హార్డ్‌డిస్కులకు వాడే నాలుగు పిన్నుల పెద్ద కనెక్టర్‌లో పసుపు గదికీ దాని పక్క నల్ల గదికీ రెండు వైరు ముక్కలు గట్టిగా బిగించి బల్బుకు కలపండి. అది కూడా నల్ల వైర్ల కనెక్టరే అయితే చివరి రెండు గదుల్లో 12 వోల్టులు ఏ కొసన ఉందో ముందే మీటరుతో చూసుకోండి. బల్బు గాజు బాగా వేడెక్కుతుంది, గచ్చు మీద పెట్టండి. దాదాపు 3 ఆంపియర్లు లాగుతుంది. పది నిమిషాలు వెలగనిచ్చి పసుపు, ఎరుపు రెండూ మళ్లీ కొలవండి. మంచి దాంట్లో పెద్ద తేడా ఉండదు. నాసిరకం డిజైన్లలో 12, 5 వోల్టులు ఒకే నియంత్రణ మీద నడుస్తాయి. 12 మీద బరువు పడితే అది కిందికి జారి, 5 పైకి పోతుంది. ఈనాటి కంప్యూటర్లు ఎక్కువగా 12 వోల్టుల మీదే లాగుతాయి కాబట్టి, ఇంత చిన్న బల్బుకే ఎరుపు 5.25 దాటిందంటే నేనైతే ఆ డబ్బాను బోర్డుకు తగిలించను. బల్బు చల్లగా ఉన్నప్పుడు వేసిన క్షణంలో చాలా ఎక్కువ లాగుతుంది. అందుకే ఆన్ కాగానే ఒకసారి ట్రిప్ అయితే కంగారు పడకుండా, ప్లగ్గు తీసి కాసేపాగి ఇంకా చిన్న బల్బుతో చూడండి.

లేబుల్ కూడా చదవండి. 12 వోల్టుల ఎదురుగా రాసిన ఆంపియర్లను 12తో గుణిస్తే అసలు సత్తా బయటపడుతుంది. 45 ఆంపియర్లుంటే 540 వాట్లు, మీ 550కి సరిపోతుంది. పైన పెద్ద అక్షరాల్లో 450 అని రాసి, 12 వోల్టుల దగ్గర 16 అని ఉంటే అక్కడ ఉన్నది 192 వాట్లే.

ప్రశ్న: క్లిప్పు పెట్టగానే ఫ్యాన్ అరక్షణం తిరిగి ఆగిపోయింది. పాడైపోయిందా?
– గద్వాల పాఠకురాలు

ఇప్పటి మోడళ్లలో చాలావాటికి లోడు తక్కువగా ఉంటే ఫ్యాన్ తిరగదు. మొదట ఒక్క కుదుపు ఇచ్చి ఆగడం దానికి మామూలే. ఫ్యాన్‌ను వదిలేసి పసుపు వైరును కొలవండి. 12 దగ్గర నిలకడగా ఉంటే బాగానే ఉంది. సున్నాకు పడిపోతే అది ట్రిప్ కావడం. ఊరికే పదేపదే స్విచ్చి వేయకండి. పాత పద్ధతి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని బొత్తిగా లోడు లేకపోతే నిలవవు. ఒక పాత హార్డ్‌డిస్కు తగిలించి ఒకసారి చూసి, అప్పుడూ ఆగితే మార్పించుకోండి.

ప్రశ్న: కొత్తది బిగించాక క్యాబినెట్ ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎస్‌ఎంపీఎస్ లీకవుతోందా?
– నాగర్‌కర్నూల్ పాఠకుడు

ఎక్కువసార్లు తప్పు గోడలో ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టరులో ఫేజు నుంచి, న్యూట్రల్ నుంచి బాడీకి చిన్న కెపాసిటర్లు ఉంటాయి. వాటి గుండా వచ్చే కొద్దిపాటి కరెంటు ఎర్తులోకి పోవాలి. ఎర్తు లేకపోతే బాడీ మీద సుమారు 115 వోల్టులు తేలుతుంటాయి. మీటరును ఏసీ 750 రేంజిలో పెట్టి సాకెట్లో కొలవండి. ఫేజు–న్యూట్రల్ 230 అటూఇటుగా, ఫేజు–ఎర్తు కూడా దాదాపు అంతే, న్యూట్రల్–ఎర్తు మధ్య రెండు మూడు వోల్టులకు మించకుండా ఉండాలి. ఫేజు–ఎర్తు ఎక్కడో నడిమధ్యలో ఊగిసలాడుతుంటే పై రంధ్రానికి వైరే రాలేదన్నమాట. ఎర్తు గుంత ఉన్న ఇళ్లలోనూ మే నెలకు మట్టి ఎండి, నీళ్లు పోయక ఎర్తు బలహీనపడుతుంది. న్యూట్రల్‌ను తెచ్చి ఎర్తు రంధ్రంలో కలిపే 'చిట్కా' మాత్రం వద్దు. ఆ వైరు ఎక్కడైనా తెగితే బాడీ అంతా ఫేజు అవుతుంది. వైర్‌మన్‌తో సరిచేయించేదాకా కంప్యూటర్ ప్లగ్గు తీసి ఉంచండి.

ప్రశ్న: పాత మాడ్యులర్ (కేబుళ్లు విడిగా ఊడొచ్చే) ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు బోర్డుకు ఎప్పటి నుంచో కట్టి ఉన్నాయి. కొత్తదాన్ని వాటికే తగిలిస్తే పని సులువు కదా?
– మిర్యాలగూడ పాఠకుడు

వద్దు. కేబుల్ బోర్డు వైపు కొస అన్ని కంపెనీలదీ ఒకటే, ఎస్‌ఎంపీఎస్ వైపు కొసకు అలాంటి ప్రమాణం లేదు. ఒకే కంపెనీ రెండు మోడళ్ల మధ్య కూడా తేడా ఉండొచ్చు. ప్లగ్గు చక్కగా కూర్చుంటుంది, 5 వోల్టులు పోవాల్సిన చోటికి 12 పోవచ్చు. ఎస్‌ఎస్‌డీ లాంటివి కాలిపోవచ్చు. పాత కేబుళ్లన్నీ విప్పి, కొత్త పెట్టెలో వచ్చినవే వాడండి.