జైళ్ల మీద రీసెర్చ్ చేస్తానంటే భయమెందుకండీ?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి కాకినాడలో బీఎస్సీ స్టాటిస్టిక్స్ చివరి ఏడాది చదువుతోంది. జైళ్లు, బెయిళ్ల మీద రీసెర్చ్ చేస్తానంటోంది. అందులో ఉద్యోగాలుంటాయా? ఎమ్మెస్సీ ఫోరెన్సిక్ సైన్స్ మేలని బంధువులంటున్నారు. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: కోర్సు పేర్లు మారతాయి గానీ, ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తూనే ఉంటాయి. ఆడపిల్ల జైళ్ల చుట్టూ తిరుగుతుందంటే నలుగురూ ఏమనుకుంటారు, రేపు సంబంధానికి వచ్చినవాళ్లకు ఏం చెప్పాలి అన్న బెంగ వాటిలో పైకి కనిపించదు, కానీ ఉంటుంది. మన వైపు జైలంటే రాజమండ్రి సెంట్రల్ జైలే గుర్తొస్తుంది కాబట్టి మీ భయం నాకు అర్థమవుతుంది. ముందు దానికే జవాబు చెబుతాను.

ఈ పనిలో కొత్తగా చేరినవాళ్లకు ఎక్కువ సమయం కంప్యూటర్ ముందే గడుస్తుంది. కోర్టు రికార్డులు చదివి పట్టికల్లోకి ఎక్కించాలి. సమాచార హక్కు దరఖాస్తులు పెట్టి, వచ్చిన జవాబులు సరిచూడాలి. కోర్టులో కూర్చుని వాయిదాలు ఎందుకు పడుతున్నాయో రాసుకోవాలి. జైల్లోకి వెళ్లాలంటే అధికారుల అనుమతి ఉండాల్సిందే. ఎవరు పడితే వాళ్లు వెళ్లి తిరిగే చోటు కాదది.

పని విలువ కూడా చూడండి. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. బెయిల్ వచ్చినా ష్యూరిటీ ఇచ్చేవాళ్లు లేక లోపలే ఉండిపోయే పేదవాళ్లున్నారు. అలాంటివాళ్లకు 40,000 రూపాయల దాకా సాయం చేసే పథకం కేంద్రం 2023లో తెచ్చింది. ఆ డబ్బు ఎవరికి అందింది, అందనిచోట ఫైలు ఎక్కడ ఆగింది? ఇది తేల్చడానికి లెక్కలు తెలిసిన మనిషి కావాలి. తెలుగులో రాసిన ఎఫ్‌ఐఆర్ చదివి అర్థం చేసుకోగలిగితే ఇంకా మంచిది. మీ అమ్మాయి దగ్గర ఆ రెండూ ఉన్నాయి.

ఇక ఫోరెన్సిక్. ఇప్పుడు అందరి నోటా ఇదే మాట, కారణం కూడా లేకపోలేదు. 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం, ఏడేళ్లు, అంతకు మించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలి. రాష్ట్రాలు దీన్ని అమలు చేయడానికి ఐదేళ్ల గడువుంది. దీంతో ఉద్యోగాలు గుట్టలుగా వచ్చేస్తాయని చెప్పి సీట్లు నింపుకునే కాలేజీల మీద నాకు నమ్మకం లేదు. చట్టంలో రాసినంత మాత్రాన పోస్టులు మంజూరు కావు. ప్రభుత్వ ల్యాబుల్లో నోటిఫికేషన్ పడాలి, పడినా ఎక్కువగా అడిగేది కెమిస్ట్రీ, బయాలజీ, ఫిజిక్స్ వాళ్లనే. స్టాటిస్టిక్స్ చదివిన పిల్లను అటు తోస్తే మూడేళ్ల చదువూ పక్కన పడేసి మళ్లీ మొదలుపెట్టాలి. మంచి ల్యాబు, అనుభవమున్న అధ్యాపకులు ఉన్న చోట కెమిస్ట్రీ విద్యార్థి చేరతానంటే నేనే ప్రోత్సహిస్తాను. వెబ్ సిరీస్‌లు చూసి నెల రోజుల ‘క్రిమినల్ ప్రొఫైలింగ్’ సర్టిఫికెట్‌కు డబ్బు కడతానంటే మాత్రం వద్దంటాను.

ఒక మాట కటువుగా చెప్పాలి. బంధువులను అడిగారు, నన్ను అడిగారు. ‘ఇది నీకెందుకు నచ్చిందమ్మా?’ అని అమ్మాయినే అడిగినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. ఇది మాత్రం తప్పండీ. ఇంటర్‌లో గ్రూపు మీరే ఎంచి ఉంటారు, ఇప్పుడు ఆమెకు ఓటు హక్కు కూడా వచ్చింది. ఆమె జీవితం గురించి మేనమామల మధ్య తీర్మానం చేయకండి.

అలాగని ఈ దారి పూలబాట అని చెప్పను. రీసెర్చ్ అసిస్టెంట్ ఉద్యోగాలు చాలావరకు ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉంటాయి. నిధులు ఆగితే వేరేచోట వెతుక్కోవాలి. మొదట్లో జీతం గొప్పగా ఉండదు, బెంగళూరులోనో ఢిల్లీలోనో ఉండాల్సి రావచ్చు. కోర్టుల డేటా మీద పనిచేసే బెంగళూరులోని దక్ష్, చట్టాల మీద అధ్యయనాలు చేసే విధి సెంటర్, పోలీసులు, జైళ్లు, కోర్టులు, న్యాయ సహాయాన్ని రాష్ట్రాలవారీగా బేరీజు వేసే ఇండియా జస్టిస్ రిపోర్ట్ వంటివాటి నివేదికలు ముందు చదవమనండి. పెద్ద చదువు కావాలంటే ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ (టిస్)లో నేరాలు, న్యాయ వ్యవస్థ గురించి చదివే క్రిమినాలజీ అండ్ జస్టిస్ ఉంది. ఖైదీల పునరావాసం కోసం పనిచేసే ‘ప్రయాస్’ 1990లో అక్కడే మొదలైంది. ప్రవేశ పరీక్షల సంగతి అమ్మాయికే బాగా తెలిసి ఉంటుంది.

నా ఓటు రీసెర్చ్‌కే. ఉద్యోగం నిలకడ గురించి మీకు టెన్షన్ తగ్గాలంటే, తర్వాతైనా మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ చేయమనండి. ప్రాజెక్టు పోయినా కోర్టు ఉంటుంది. అంకెలు చూసే చెయ్యి కాబట్టి, ఈ రంగం నచ్చకపోతే బ్యాంకులో, కంపెనీలో డేటా ఉద్యోగానికీ దారి మూసుకుపోదు. పరీక్షలయ్యాక ఉచిత న్యాయ సహాయం అందించే న్యాయ సేవాధికార సంస్థలో పారా లీగల్ వాలంటీర్లను, అంటే లాయర్లు కాకపోయినా సాయపడే వాలంటీర్లను, తీసుకుంటున్నారేమో కనుక్కోండి. కొన్ని నెలలు బెయిలు కోసం వచ్చే కుటుంబాలను దగ్గర నుంచి చూశాక కూడా ఆమె ఇదే కావాలంటే, దరఖాస్తు ఫీజు కట్టేయండి.