ఎపిస్తొలే, గ్రామ్మ: రెండూ ‘లెటర్’ ఎలా అయ్యాయి?

మీ ప్రశ్న: కొత్త నిబంధనలో ఉత్తరాలకు వాడిన గ్రీకు మాట ఎపిస్తొలేనా, గ్రామ్మానా, రెండిటికీ తేడా ఏమిటి?

ఉత్తరానికి మామూలు మాట ఎపిస్తొలే. కొత్త నిబంధనలో 24 సార్లు వస్తుంది. మన పాత తెలుగు బైబిల్లో ‘పత్రిక’ అని ఉన్నచోట వెనక ఉన్నది దాదాపు ఎప్పుడూ ఇదే. పత్రిక అనగానే ఇప్పుడు మనకు న్యూస్ పేపరు గుర్తొస్తుంది కానీ, ఇది పెళ్ళిపత్రికలోని పత్రిక లాంటిది. ఒకరు రాసి మనిషి చేత పంపిస్తే అవతల చదువుకునేది.

ఎపి అనే ఉపసర్గకు ‘పంపు’ అనే అర్థమున్న స్తెల్లో చేరి ఈ మాట పుట్టింది. అపొస్తొలోస్ (అపొస్తలుడు, అంటే పంపబడినవాడు) కూడా ఆ ధాతువు నుంచే. ఇది తెలియగానే చాలామంది ‘అపొస్తలుడు రాస్తేనే ఎపిస్తొలే’ అని బోధించేస్తారు. అది నిలవదు. అపొస్తలుల కార్యములు 9:2లో సౌలు విశ్వాసులను బంధించి తేవడానికి ప్రధానయాజకుణ్ణి అడిగి తీసుకున్నవీ ఎపిస్తొలేలే. 23వ అధ్యాయంలో రోమా సైన్యాధికారి క్లౌదియ లూసియ గవర్నరు ఫేలిక్సుకు రాసినదీ ఎపిస్తొలేనే. పవిత్రత ఆ మాటలో లేదు, ఉత్తరంలో ఉన్న విషయాన్ని బట్టి వస్తుంది.

ఇక గ్రామ్మ. ‘రాయు’ అనే గ్రాఫో నుంచి వచ్చింది. అసలు అర్థం అక్షరం, రాసిన గుర్తు. చిక్కంతా బహువచనం గ్రామ్మతతోనే. లూకా 16:6లో అన్యాయపు గృహనిర్వాహకుడు తిరగరాయమన్న అప్పు చీటి గ్రామ్మత. యోహాను 7:15లో యేసును చూసి, చదువుకోని ఇతనికి ఇంత పాండిత్యం ఎలా వచ్చిందని యూదులు ఆశ్చర్యపోయినప్పుడు ఆ పాండిత్యం గ్రామ్మత. 2 తిమోతి 3:15లోని పరిశుద్ధ లేఖనాలూ ‘హియెర గ్రామ్మత’. అపొస్తలుల కార్యములు 28:21లో రోమాలోని యూదులు పౌలుతో, నీ గురించి యూదయ నుంచి మాకేమీ రాలేదన్నప్పుడు మాత్రం గ్రామ్మత అంటే నిజంగానే ఉత్తరాలు.

గందరగోళం గ్రీకుది కాదు, ఇంగ్లీషుది. లాటిన్ లిత్తెర అంటే అక్షరం, దాని బహువచనం లిత్తెరే అంటే ఉత్తరం కూడా. ఆ రెండర్థాలూ ఇంగ్లీషు ‘లెటర్’లోకి దిగాయి. 2 కొరింథీ 3వ అధ్యాయం ఇప్పటి ఇంగ్లీషు అనువాదాల్లో చదివితే 1-3 వచనాల్లో లెటరే, 6వ వచనంలోనూ లెటరే. గ్రీకులో మొదటిది ఎపిస్తొలే, రెండోది గ్రామ్మ. తెలుగువాళ్ళకు ఈ బాధ లేదు: ‘మా పత్రిక మీరే కారా’ అని ఒకచోట, ‘అక్షరము చంపును’ అని ఇంకోచోట. ఇంగ్లీషు నోట్సు పెట్టుకుని తెలుగులో ప్రసంగం తయారు చేసుకునేవాళ్ళే ఈ రెండిటినీ కలిపేస్తుంటారు.

మీరే సరిచూసుకోవాలంటే స్ట్రాంగ్స్ నంబర్లతో (బైబిలు మూలభాషలోని ఒక్కో మాటకు ఇచ్చిన వరుస సంఖ్యలతో) వెతకండి: ఎపిస్తొలే 1992, గ్రామ్మ 1121, లేఖనం అనే గ్రాఫే 1124, ఉత్తరం రాసి పంపడం అనే క్రియ ఎపిస్తెల్లో 1989. ‘లెటర్’ అని కొట్టి వెతికితే అన్నీ కలిసిపోతాయి. ‘పత్రిక’ అని వెతికితే ‘రోమీయులకు వ్రాసిన పత్రిక’ లాంటి గ్రంథాల పేర్లు కూడా వచ్చి పడతాయి. ప్రాచీన ప్రతుల్లో శీర్షిక ‘ప్రొస్ రోమయుస్’, అంటే ‘రోమీయులకు’ అని మాత్రమే ఉంటుంది, పత్రిక అన్న మాట ఉండదు. ఇంకోటి, హెబ్రీయులకు 13:22లో తెలుగు ‘వ్రాసియున్నాను’ వెనక ఉన్నది 1989వ నంబరు క్రియ. ‘పత్రిక’ అని వెతికితే అది దొరకదు. ప్రకటన 2, 3 అధ్యాయాల్లోని ‘ఏడు ఉత్తరాలు’ మనం పెట్టుకున్న పేరు, అక్కడ ఎపిస్తొలే ఒక్కసారి కూడా లేదు.

గలతీ 6:11 దగ్గర ప్రత్యేకంగా ఆగండి. కింగ్ జేమ్స్ అనువాదం ‘ఎంత పెద్ద ఉత్తరం రాశానో’ అన్నట్టు చెబుతుంది. గ్రీకులో ఉన్నది ‘పేలికోయిస్ గ్రామ్మసిన్’. పేలికొస్ పరిమాణాన్ని అడిగే మాట. గ్రామ్మసిన్ ఉన్న విభక్తి మన ‘తో’ లాంటిది. ‘ఎంత పెద్ద అక్షరములతో’ అన్న తెలుగే సరి. అంతవరకు లేఖకుడు రాస్తే అక్కడినుంచి పౌలు స్వయంగా కలం పట్టి పెద్ద పెద్ద అక్షరాలు దిద్దాడన్నది ఎక్కువమంది పండితులు ఒప్పుకునే మాట. చూపు మందగించి అలా రాశాడన్నది మాత్రం ఊహ, ఆ వచనంలో కారణమేదీ చెప్పలేదు.