బుల్ గార్డ్ బిగించాక ఆటో బ్రేక్ పడలేదు: కేసు ఎవరి మీద?

ప్రశ్న: మాది ఖమ్మం. దసరాకి అడాస్ (ముందున్న బండిని రాడార్‌తో పసిగట్టి అవసరమైతే తనే బ్రేక్ వేసే, డ్రైవర్‌కి సాయపడే వ్యవస్థ) ఉన్న కొత్త ఎస్‌యూవీ కొన్నాను. ఊళ్లోని యాక్సెసరీస్ షాపులో ముందు ఇనుప బుల్ గార్డ్, దాని మీద అదనపు లైట్లు పెట్టించాను. వారం తిరక్కుండానే డ్యాష్‌బోర్డు మీద ‘ముందు రాడార్ పనిచేయడం లేదు’ అని మెసేజ్ వచ్చింది. షాపులో అడిగితే ‘అదే పోతుంది సార్’ అన్నారు. రెండు నెలల తర్వాత హైవే మీద ముందు లారీ సడన్ బ్రేక్ వేయడంతో వెనక నుంచి గుద్దేశాను. ఆటో బ్రేక్ పడనే లేదు. ఎవరికీ దెబ్బలు తగల్లేదు గానీ రిపేరు లక్షన్నర దాటుతోంది. నష్టం అంచనా వేయడానికి వచ్చిన బీమా సర్వేయర్ క్లెయిమ్ రాదంటున్నారు, షోరూం వాళ్లు వారంటీ పోయిందంటున్నారు, షాపు వాళ్లు చేతులెత్తేశారు. కంపెనీ మీద, షాపు మీద కేసు వేయవచ్చా?

జవాబు: ముందుగా కార్ల కంపెనీని పక్కన పెట్టండి. రాడార్ పనిచేయడం లేదని మీ బండి మీకు ముందే చెప్పింది. అలాంటప్పుడు తయారీ లోపం ఉందని చూపించడం కష్టం. షోరూం మీద వెళ్దామన్నా, నష్టం జరిగే సమయానికి వస్తువును మార్చి ఉంటే అమ్మకందారు మీద ప్రొడక్ట్ లయబిలిటీ దావా (వస్తువులోని లోపం వల్ల జరిగిన నష్టానికి పరిహారం కోరే దావా) చెల్లదని 2019 వినియోగదారుల రక్షణ చట్టం 87వ సెక్షన్ చెబుతోంది. పైగా అడాస్ డ్రైవర్‌కి సాయం మాత్రమే. ముందు బండికి తగినంత దూరంలో నడపాల్సిన బాధ్యత మీదే, ఆ మాట కోర్టులో మొదటి నిమిషంలోనే వస్తుంది.

మీకు డబ్బు వచ్చే అవకాశం ఎక్కువగా ఉన్నది బీమాలోనే. సర్వేయర్ నోటిమాట నిర్ణయం కాదు. క్లెయిమ్ ఎందుకు ఇవ్వరో, పాలసీలో ఏ క్లాజు ప్రకారం ఇవ్వరో రాతపూర్వకంగా చెప్పమని బీమా కంపెనీకి మెయిల్ పెట్టండి. బండిని సరైన స్థితిలో ఉంచుకోవడానికి తగిన జాగ్రత్త తీసుకోవాలన్న షరతును వాళ్లు పట్టుకుంటారు. దానికి మీ జవాబు ఇది: ఓన్ డ్యామేజ్ కవర్ (మన బండికి జరిగే నష్టానికి బీమా) కొనేదే డ్రైవర్ పొరపాటుకి కూడా. గార్డు లేకపోతే ఈ ప్రమాదం జరిగేది కాదని వాళ్లు చూపాలి; మినహాయింపు వర్తిస్తుందని నిరూపించే బాధ్యత బీమా కంపెనీదే. షరతు ఉల్లంఘన కొంత ఉందనుకున్నా మొత్తం కొట్టేయకుండా, ఇవ్వదగ్గ మొత్తంలో 75 శాతం వరకు ఇప్పించే పద్ధతిని 2010లో అమలేందు సాహూ కేసులో సుప్రీంకోర్టు ఆమోదించింది. మీ విషయంలో అక్కడికి చేరినా మంచి ఫలితమే అనుకుంటాను. గార్డు, లైట్ల ఖరీదు మాత్రం అడగకండి. పాలసీలో చూపించి విడిగా ప్రీమియం కట్టని ఫిట్టింగులకు డబ్బు రాదు. లారీకి డ్యామేజీ జరిగి ఓనరు క్లెయిమ్ వేస్తే అది థర్డ్ పార్టీ కిందకి వస్తుంది, గార్డు ఉందన్న సాకుతో బీమా కంపెనీ దాన్నుంచి తప్పించుకోవడం తేలిక కాదు.

ఇక షాపు సంగతి. ముందు రాడార్ సాధారణంగా గ్రిల్ వెనకో, బంపర్ కింది భాగంలోనో ఉంటుంది. ప్లాస్టిక్ బంపర్ గుండా దాని తరంగాలు వెళ్తాయి, ఇనుప పైపు తగిలితే వెనక్కి కొడతాయి. ఈ సంగతి తెలియకుండా అడాస్ బండికి గార్డు బిగించడం, మెసేజ్ వచ్చిందని మీరు చెప్పినా పట్టించుకోకపోవడం సేవాలోపమే. మీ దగ్గర కచ్చా బిల్లే ఉంటే దిగులు పడకండి, యూపీఐ చెల్లింపు రికార్డు, షాపుతో జరిపిన వాట్సాప్ చాట్ సాక్ష్యాలవుతాయి. కానీ ఒకటి గమనించండి. సర్వీస్ సెంటర్‌లో స్కానర్ పెడితే రాడార్ లోపం కోడ్ బయటపడుతుంది, చాలా బండ్లలో అది మొదట ఎన్ని కిలోమీటర్ల దగ్గర నమోదైందో కూడా కనిపిస్తుంది. అది గార్డు బిగించిన రోజుతో సరిపోలితే షాపు మీద మీకు బలం. అదే రికార్డు, మీరు రెండు నెలలు తెలిసి తెలిసీ నడిపారని కూడా చూపిస్తుంది. కాబట్టి షాపు నుంచి గార్డు డబ్బు, రాడార్ సరిచేసి కాలిబ్రేషన్ (దాని గురి, కొలత మళ్లీ సరిగ్గా అమర్చడం) చేయించే ఖర్చు అడగండి. మొత్తం లక్షన్నర అడిగితే వినియోగదారుల కమిషన్ ఒప్పుకోకపోవచ్చు.

ఇంకో చిక్కు ఉంది. బుల్ గార్డులు, బండిలో అనుమతి లేని మార్పులు చేయకూడదనే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధమని కేంద్ర రవాణా శాఖ 2017 డిసెంబరులోనే రాష్ట్రాలకు లేఖ రాసింది. అదే చట్టంలో 2019 సవరణతో వచ్చిన 182ఎ(4) సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేయించిన ఓనరుకి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. అమ్మినవాడి తప్పు ఎంతున్నా బండి మీ పేరునే ఉంది. గార్డు తీసేయక తప్పదు, కానీ అదే మీ ముఖ్య సాక్ష్యం. ముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీయండి, సర్వేయర్ తనిఖీ పూర్తవనివ్వండి, తర్వాత సర్వీస్ సెంటర్‌లోనే తీయించి ‘రాడార్ ముందు గార్డు ఉంది’ అని జాబ్ కార్డులో రాయించుకోండి. తీసిన గార్డుని పాత ఇనుముకి అమ్మేయకండి.

వారంటీ మొత్తం పోయిందన్న మాట నమ్మకండి. రాడార్, దాని వైరింగ్‌కి కాదనవచ్చు. రేపు గేర్‌బాక్స్ పాడైతే దానికీ గార్డుకీ సంబంధం ఏమిటో చెప్పమని అడగండి. అదనపు లైట్ల కోసం ఒరిజినల్ వైరింగ్ కోశారా లేదా అన్నది చూడండి. కోసి ఉంటే కరెంటు పనులన్నిటికీ వాళ్లు ఆ వంక చెప్తారు.

బీమా తిరస్కరణ చేతికొస్తే, ముందు ఆ కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో తేలకపోయినా, జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్ (బీమా ఫిర్యాదులు విని తేల్చే అధికారి) దగ్గరికి ఏడాదిలోపు వెళ్లవచ్చు, ఫీజు లేదు, వకీలు అవసరం లేదు. షాపు మీద లీగల్ నోటీసు ఇచ్చి, ఖమ్మం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేయండి. గడువు రెండేళ్లు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల లోపే కాబట్టి అక్కడా ఫీజు ఉండదు.