టెక్ సందేహాలు: మీడియం ఫార్మాట్‌కి ఏ వైడ్ లెన్స్?

ప్రశ్న (హనుమకొండ నుంచి): పెళ్లిళ్ల ఫొటోలు తీస్తుంటాను. ఈమధ్య ఫ్యూజీఫిల్మ్ జీఎఫ్ఎక్స్ 50ఆర్ కెమెరా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను, 50 మి.మీ. లెన్స్‌తో సహా. ఖాళీ దొరికితే గుళ్లు, కోటలు తీయడం సరదా. ఇప్పుడు వైడ్ కావాలి. 23 తీసుకోనా, 30 తీసుకోనా, 20-35 జూమ్‌కి వెళ్లనా? తలో మాట చెప్తున్నారు.

జవాబు: ముందు నంబర్ల సంగతి చూద్దాం. మీది మీడియం ఫార్మాట్, అంటే ఫుల్‌ఫ్రేమ్ (36×24 మి.మీ.) కంటే పెద్ద సెన్సర్, 43.8×32.9 మి.మీ., కాబట్టి ఫుల్‌ఫ్రేమ్ లెక్కలోకి రావాలంటే లెన్స్ నంబర్‌ని 0.79తో గుణించాలి. 23 అంటే 18, 30 అంటే 24, జూమ్ 16-28 అవుతుంది. లెక్క సరైనదే, కాకపోతే ఇది ఫ్రేమ్‌ని మూల నుంచి మూలకి కొలిచి చెప్పేది. మీ ఫ్రేమ్ 4:3, ఫుల్‌ఫ్రేమ్ 3:2. వెడల్పు ఒక్కటే చూస్తే మీ 30 దాదాపు 25లా ఉంటుంది, ఎత్తు చూస్తే 22లా ఉంటుంది. అంటే గండికోట లోయలా అడ్డంగా పరుచుకున్న వాటికి అనుకున్నంత వైడ్ రాదు, కెమెరా అడ్డంగా పట్టుకుని తీసే గుడి గోపురాలకి మాత్రం కలిసొస్తుంది.

గోపురం దగ్గర అందరికీ ఎదురయ్యే ఇబ్బంది ఒకటుంది. కెమెరా పైకెత్తగానే గోపురం వెనక్కి పడిపోతున్నట్టు వస్తుంది. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో నిటారుగా చేస్తే పైభాగం సాగి పిక్సెల్స్ పల్చబడతాయి, పక్కలు కూడా కొంత పోతాయి. అంతకంటే కెమెరాని నిలువుగా తిప్పి, స్క్రీన్ మీద లెవెల్ గీత చూసుకుంటూ అస్సలు ఎత్తకుండా తీసి, కింద అనవసరంగా వచ్చిన నేలని తర్వాత కోసేయండి. కంటి ఎత్తు 1.5 మీటర్లు అనుకుని, గోపురానికి 20 మీటర్ల దూరంలో నిలబడ్డారనుకుందాం. అలా లెవెల్‌గా పెడితే 30 మి.మీ.లో 16 మీటర్ల ఎత్తు వరకు పడుతుంది, 23లో 20 మీటర్లు దాటుతుంది, 20లో 23 మీటర్ల పైమాటే. మన గుళ్ల ముందు వీధి ఎంత ఇరుకో మీకు చెప్పక్కర్లేదు, వెనక్కి జరగడానికి కొబ్బరికాయల కొట్టు అడ్డం వస్తుంది, కాబట్టి 30కీ 23కీ మధ్య ఈ నాలుగు మీటర్లే కీలకం. కింద మూడో వంతు కోసేసినా మీ 51 మెగాపిక్సెల్స్‌లో 34 మిగులుతాయి, గోడంత ప్రింట్‌కి అవి ధారాళంగా సరిపోతాయి.

ఈ పనికే పుట్టిన 30 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ (కెమెరా ఎత్తకుండా లెన్స్‌నే పైకి జరిపి, వంచి తీసేది) కూడా ఫ్యూజీ 2023లో తెచ్చింది, 15 మి.మీ. వరకు షిఫ్ట్ అవుతుంది. కానీ బరువు 1,340 గ్రాములు. బిల్డింగుల ఫొటోగ్రఫీయే బతుకుతెరువు అయితే తప్ప వద్దు.

ఇక మీకు నా మాట: డబ్బుకి ఇబ్బంది లేకపోతే 20-35 తీసుకోండి. మామూలుగా జూమ్ అంటే బరువెక్కువ, వెలుగు తక్కువ అని భయం కదా, ఇక్కడ ఆ రెండూ లేవు. 23, జూమ్ రెండూ ఎఫ్/4 (లెన్స్ ఎంత వెలుగు లోపలికి వదులుతుందో చెప్పే కొలత), రెండిటికీ 82 మి.మీ. ఫిల్టరే, పైగా 845 గ్రాముల 23 కంటే 725 గ్రాముల జూమే తేలిక. మంచి బేరానికి సెకండ్ హ్యాండ్‌లో దొరికితేనే 23 వైపు చూడండి. బడ్జెట్ బిగుతుగా ఉన్నా, రోజంతా మెడలో వేసుకుని తిరిగే అలవాటున్నా 30 మంచిది. 510 గ్రాములే, చిన్న 58 మి.మీ. ఫిల్టర్ చాలు.

పెళ్లి స్టేజీ మీద గ్రూప్ ఫొటోకి మాత్రం జూమ్ ఉంటే 35 దగ్గర పెట్టండి, 20లో చివర నిలబడ్డ పెద్దమ్మ, బాబాయ్ అడ్డంగా సాగిపోతారు, ఆల్బమ్ వచ్చాక మాట పడేది మీరే. అలాగే రామప్ప గుడిలో మదనికల (స్త్రీమూర్తుల శిల్పాల) కోసం వైడ్ కొనకండి. అవి చూరు కింద పైన ఉంటాయి, వాటికి మీ 50 కూడా చాలదు, ఇంకా పొడుగు లెన్స్ కావాలి.

ఇంకో సంగతి, 50ఆర్ బాడీలో వణుకుని ఆపే స్టెబిలైజేషన్ లేదు, ఈ మూడు లెన్సుల్లోనూ లేదు. చీకటి మండపంలో చేత్తో తీయాలంటే స్తంభానికి ఆనుకుని ఐఎస్ఓ (వెలుగుకి కెమెరా స్పందించే స్థాయి) పెంచుకోవడమే. కేంద్ర పురావస్తు శాఖ కట్టడాల్లో ట్రైపాడ్‌కి ముందుగా అనుమతి తీసుకోవాలి, అక్కడికెళ్లాక వాచ్‌మన్‌తో వాదించి లాభం లేదు.

ప్రశ్న: నా దగ్గర ఫుల్‌ఫ్రేమ్ 16-35 ఉంది. అడాప్టర్ కొంటే జీఎఫ్ఎక్స్‌కి సరిపోదా?

జవాబు: బిగుస్తుంది, అంతవరకే. మీ లెన్స్ వేసే బొమ్మ 43 మి.మీ. అడ్డకొలతని కప్పడానికి చేసింది, ఇక్కడ దాదాపు 55 కావాలి. వైడ్ వైపు మూలలు నల్లబడతాయి. మెనూలో 35 మి.మీ. ఫార్మాట్ మోడ్ పెట్టుకోవచ్చు గానీ అప్పుడు సెన్సర్ మధ్యలో 36×24 ముక్కే వాడుతుంది, 50 మెగాపిక్సెల్స్ కాస్తా 30కి దిగుతాయి. అలాంటప్పుడు మీడియం ఫార్మాట్ కొని ఏం లాభం? పాత కెనాన్ 24 మి.మీ. టిల్ట్-షిఫ్ట్ రెండో వెర్షన్ వేరు, అది 67 మి.మీ. పైగా కప్పుతుంది, ఇక్కడ హాయిగా పనిచేస్తుంది. అయితే ఫోకస్ చేత్తోనే చేసుకోవాలి.

ప్రశ్న: సెకండ్ హ్యాండ్ వైడ్ లెన్స్ కొనేటప్పుడు ఏం చూడాలి?

జవాబు: గీతలకంటే ముందు లోపలి గాజు పక్కకి జరిగిందా అన్నది చూడండి. లెన్స్ కింద పడితే బయటికి ఏమీ కనపడకపోవచ్చు. షాపు బయటికొచ్చి దూరంగా ఉన్న ఒక సెల్ టవర్‌ని ఎంచుకుని, ఎఫ్/4 దగ్గర, మాన్యువల్ ఫోకస్‌లో మధ్యలో సరిచేసుకుని, ఆ రింగ్ కదపకుండా అదే టవర్‌ని నాలుగు మూలల్లోకి వచ్చేలా నాలుగు ఫొటోలు తీయండి. స్క్రీన్‌లో పూర్తిగా పెద్దది చేసి చూస్తే నాలుగూ దాదాపు ఒకేలా ఉండాలి. మధ్యతో పోలిస్తే మూలలన్నీ కాస్త మెత్తగా ఉంటే ఫరవాలేదు, ఒక్క మూల మాత్రం మసకబారితే డబ్బులు ఇవ్వకండి. అమ్మేవాళ్లు ఐదు నిమిషాలు బయటికి తీసుకెళ్లనివ్వకపోతే ఆ బేరమే వద్దు.