ప్రాథమిక పాఠశాలలో సంగీతం పీరియడ్ అవసరమా?

మీ అబ్బాయి రెండో తరగతి చదువుతున్నాడనీ, బడిలో వారానికి రెండు సంగీతం పీరియడ్లు పెట్టారనీ, ఆ సమయంలో లెక్కలు చెప్పిస్తే మేలు కదా అనీ అడిగారు. ఆ పీరియడ్లను ఉండనివ్వమనే నా మనవి. విశాఖపట్నంలోని ఒక ప్రాథమిక పాఠశాలలో చాలాకాలంగా సంగీతం చెబుతున్నాను కనుక, కళ్లారా చూసినదే రాస్తున్నాను.

ఈ వయసులో సంగీతం నేర్పేది పిల్లలను కచేరీలకు సిద్ధం చేయడానికి కాదు, వినడం అలవాటు చేయడానికి. నేను తరగతిలోకి వెళ్లగానే ఆధార స్వరాన్ని ఆగకుండా మోగించే శ్రుతిపెట్టె పెట్టి, కాసేపు ఎవరినీ పాడనివ్వను. తరువాత షడ్జమం, అంటే ‘స’ స్వరం పట్టుకోమంటాను. మొదట్లో అందరూ గట్టిగా అరుస్తారు. పక్కవారి గొంతు తనకు వినపడేంత మెల్లగా పాడాలన్న ఒక్క నియమం పెడితే, కొన్ని వారాలకు ఆ గొంతులన్నీ శ్రుతిలో కలుస్తాయి. తాను పాడుతూనే ఎదుటివారిని వినే ఈ అలవాటును ఇంత సహజంగా నేర్పే పాఠం బడిలో మరొకటి నాకు కనబడలేదు.

తాళం సంగతి మరీ ముఖ్యం. ఆదితాళానికి ఎనిమిది అక్షరాలు, అంటే చేత్తో వేసే ఎనిమిది లెక్కలు: ఒక దెబ్బ, చిటికెన వేలి నుంచి మూడు వేళ్ల లెక్క, ఆపైన దెబ్బ, విసురు, మళ్లీ దెబ్బ, విసురు. సంగీతంలో తొలి స్వర పాఠమైన సరళీ వరసను మొదటి కాలంలో (వేగంలో) అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు చొప్పున పాడిస్తాము. చేతి వేగం మారదు, స్వరాల వేగమే రెట్టింపవుతుంది. సగం, పావు అన్న మాటలు పుస్తకంలో చదవకముందే పిల్లల చేతికి తెలిసిపోతాయి. అయితే దీనివల్ల లెక్కల్లో మార్కులు పెరుగుతాయని నేను మాట ఇవ్వను. ఆ ఆశతో సంగీతం పెట్టడం సరికాదు కూడా.

జాలరిపేట నుంచి వచ్చే ఒక పాప వేళ్ల లెక్క దగ్గర ఎప్పుడూ తడబడేది. ఒడ్డున వల లాగేటప్పుడు పెద్దవాళ్లు ఏమంటారని అడిగాను. ‘హైలెస్సా’ అంటూ, తాడు లాగుతున్నట్టు ఒళ్లు వెనక్కి వంచి చూపించింది. బలం ఏ అక్షరం మీద పడుతుందో ఆనాడు తరగతికంతటికీ ఆ పాపే నేర్పింది.

పదో తరగతి వరకు కళావిద్య తప్పనిసరిగా ఉండాలని 2005 జాతీయ విద్యా ప్రణాళికా చట్రమే సూచించింది. చెప్పేవారు దొరకరన్న మాటను మన ప్రాంతంలో నేను ఒప్పుకోను. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రధానాచార్యులుగా 1919లో మొదలైన సంగీత కళాశాల పక్కనే విజయనగరంలో ఉంది. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారు పాఠం చెప్పినదీ అక్కడే.

నాకు బాధ కలిగించేది వేరొకటి. నేను మునుపు పనిచేసిన ఒక బడిలో వార్షికోత్సవానికి నెల ముందు మాత్రమే సంగీతం గుర్తుకు వచ్చేది. గొంతు బాగున్న నలుగురిని ముందు నిలబెట్టి, మిగిలిన వారిని పెదవులు కదిపితే చాలనేవారు. అలా నిలబడిన పిల్లలు తమకు పాట రాదని తేల్చుకుని, ఆ తరువాత నోరు విప్పేవారు కాదు.

కాబట్టి బడివారి అనుమతి తీసుకుని ఒకసారి ఆ తరగతిలో కూర్చోండి. అందరి చేతా పాడిస్తున్నారా, ఉపాధ్యాయులు తమ శ్రుతిలో కాక పిల్లల గొంతుకు అందే శ్రుతిలో చెబుతున్నారా అన్నవి గమనించండి. లోపం కనబడితే పీరియడ్ తీసేయమని కాకుండా, దానిని సరిగా నడపమని అడగండి.